చేరని కాగితాలు

వందన బెల్లంపల్లి నుంచి రెండు బస్సులు మారి సదానందం ఇంటికి వచ్చేనాటికి ఆయన రిటైరు కావడానికి ఇంకా మూడు నెలలే ఉన్నయి. ధర్మపురి పక్కన గోదావరి ఒడ్డు ఊళ్లకు ముప్పై ఒక్క ఏండ్ల సంది ఆయనే లైన్‌మెన్. పొలం కాడ మోటరు ఆగినా, గాలికి తీగ తెగినా జనం ఆఫీసుకు ఫోన్ చెయ్యరు, సదానందానికే చేస్తరు. ఆ పొద్దు ఆయన అరుగు మీద కూసోని చాయ్ తాగుతుంటే, ముప్పై దాటిన మనిషి ఒకతి భుజాన సంచి వేసుకోని వాకిట్లకు వచ్చి దండం పెట్టింది. తన పేరు వందన అని, రమతోని కలిసి కరీంనగర్ ఐటీఐల చదువుకున్నదాన్నని చెప్పింది.

రమ సదానందానికి ఒక్కతే బిడ్డ. అప్పుడు ఇంట్ల గోడకు ఆనుకోని, ఒళ్లె చాట పెట్టుకోని బీడీలు చేస్తుంది.

"నాకు స్తంభం ఎక్కుడు నేర్పాలె కాకా," అన్నది వందన. "పరీక్షకు ఇంక ఇరవై దినాలే ఉన్నయి."

ఎనిమిదేండ్ల కింద కరెంటు డిపార్టుమెంటు జూనియర్ లైన్‌మెన్ కొలువులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మొగోళ్లే దరఖాస్తు పెట్టుకోవాలని రాసింది. స్తంభాలెక్కే పని ఆడోళ్లతోని కాదన్నది వాళ్ల మాట. ఐటీఐ చదివిన ఆడపిల్లలు కొందరు కోర్టుకు పోయిన్రు. ఒక్కపారన్న ఎక్కిచ్చి చూడకుంట చాతకాదని ఎట్ల అంటరన్నది వీళ్ల మాట. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుకుంట ఇన్నేండ్లు నడిచి, ఇప్పుడు తీర్పు వచ్చింది. కోర్టుకు వచ్చిన పదకొండు మందికి పరీక్ష పెట్టాలె, ఎక్కినోళ్లకు వయసు చూడకుంట కొలువియ్యాలె. వందన ఆ పదకొండు మందిల ఒకతి.

సదానందం చేతిల గ్లాసు నోటి దాక పోకుంటనే ఆగింది. నా దగ్గరికి పొమ్మని ఎవలు చెప్పిన్రని అడిగిండు.

"రమనే చెప్పింది కాకా. మా బాపు కంటె మంచిగ నేర్పేటోళ్లు లేరన్నది."

ఆయన ఇంట్లకు చూసిండు. రమ తునికాకు కత్తిరిస్తుంది. తల ఎత్తలే.

రమ తల్లి యాదవ్వ కామెర్లయి చనిపోయినప్పుడు రమ ఏడో తరగతి. ఇంట్ల ఇంకో మనిషి లేకపాయె. బడి లేని దినాలు పిల్లను ఒక్కదాన్ని విడిచిపెట్టబుద్ధి కాక, సదానందం బండి మీద ఎక్కిచ్చుకోని లైన్ మీదికి తోలుకపోయేది. ఆయన పైన పని చేస్తుంటే ఆ పిల్ల ఒడ్డు మీద కూసోని పుస్తకం చదువుకునేది. చదువుకుంటుందనే ఆయన అనుకున్నడు. కని ఆమె కండ్లు పుస్తకంల లేవు. బాపు కాలు ఎక్కడ పెడుతుండు, నడుం ఎట్ల ఒంచుతుండు, అదే చూసేది. పదో తరగతికి వచ్చేవరకు ట్రాన్స్‌ఫార్మర్ మోత విని, లోడు ఎక్కువైందా లేదా చెప్పనేర్చింది. ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడుల నలభై మంది మొగపిల్లలు, రమా వందనా ఇద్దరే ఆడపిల్లలు. అప్పుడు సదానందం సబ్‌స్టేషన్‌ల అందరికీ చెప్పుకునేటోడు, నా బిడ్డ నా కన్న మంచిగ జాయింటు కొడ్తదని.

నోటిఫికేషన్‌కు రెండేండ్ల ముందట లచ్చయ్య పోయిండు. లచ్చయ్య, సదానందం ఒకటే దినం కొలువుల చేరినోళ్లు. ఆ పొద్దు లచ్చయ్య లైన్ బంద్ చేపిచ్చుకోనే ఎక్కిండు. గని ఊరవతల ఎవలో జనరేటర్ నడిపితే, ఆ కరెంటు ఎదురు మర్లి తీగలల్లకు వచ్చింది. పైననే పాణం పోయింది. బెల్టు ఉండవట్టి కింద పడలే, అట్లనే ఏలాడిండు. తాడు కట్టి దించింది సదానందమే. దించుతుంటే లచ్చయ్య తల ఆయన భుజం మీద పడ్డది. ఆ బరువు చాన దినాలు భుజం మీదనే ఉన్నట్టు అనిపిచ్చేది ఆయనకు.

అసోంటి టైముల రమ కోర్టుకు పోతానన్నది. కేసు ఏసేది పన్నెండు మంది. కరీంనగర్‌ల సీతారాంరావు అనే పెద్ద వకీలు వాళ్ల తరఫున నిలబడ్డడు. అందరూ సంతకాలు పెట్టిన కాగితాలు, సర్టిఫికెట్ల జిరాక్సులు ఆయన ఆఫీసుల ఇయ్యాలె. ఆ వారమే రమకు టైఫాయిడ్ జెరమొచ్చి మంచం పట్టింది. కవరు బాపు చేతిల పెట్టి, ఎల్లుండే కేసు ఏస్తరట, నువ్వు పోయి ఇచ్చి రా అని బతిలాడింది.

సదానందం కవరు జేబుల పెట్టుకోని కరీంనగర్ బస్సెక్కిండు. దిగి, వకీలు ఆఫీసున్న కోర్టు కచేరి దాక నడిచిండు. ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్నడు. ఒక చాయ్ తాగిండు, ఇంకోటి చెప్పిండు. కవరు తీసి మోకాలి మీద పెట్టుకున్నడు. ఎంత ఆపుకున్నా లచ్చయ్యే కండ్లల్ల మెదిలిండు. తాడుకు ఏలాడే మనిషి మొఖం మీద వెంట్రుకలు పడుతున్నయి, చూస్తే అది లచ్చయ్య మొఖం కాదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. వకీళ్లు నల్లకోట్లు చేతుల మీద ఏసుకోని భోజనాలకు పోతున్నరు. సదానందం లేచి, కచేరి దిక్కు పోకుంట, వచ్చిన తొవ్వ పట్టి బస్టాండుకు నడిచిండు.

ఇంటికొచ్చి, ఇచ్చిన అని చెప్పిండు. కవరును యాదవ్వ చీరెల కింద పెట్టెల అడుగున పెట్టిండు. పదిహేను దినాలు పోయినంక, లేటయిందట, తీసుకోలేదట అన్నడు. రమ మొఖం చూసుడు చాతకాక, తువాల దులుపుకుంట చెప్పిండా మాట. ఆమె ఏడిస్తే ఏమనాలె, కొట్లాడితే ఏమనాలె అని ఆ పొద్దు డ్యూటీ నుంచి వచ్చే తొవ్వ పొడుగూత అనుకోని పెట్టుకున్నడు. ఆమె సరే బాపు అన్నది. అంతే. ఆ తర్వాత ఆ ముచ్చట ఇంట్ల ఎన్నడూ రాలే.

రెండేండ్లకు లక్సెట్టిపేట కరుణాకర్‌తోని పెండ్లి చేసిండు. పిల్లగాడు మంచోడే, మస్కట్‌ల ఏసీలు బిగిచ్చే పని. రెండేండ్లకొకపారి వచ్చి నెల దినాలుండి పోతడు. అత్త చనిపోయినంక రమ బిడ్డను తీసుకోని బాపు ఇంటికే వచ్చింది. పిల్లను బడి ఆటో ఎక్కిచ్చి, చాట ముందట పెట్టుకునేది. ఊళ్లె ఎవల మిక్సీ ఆగినా, ఎవల ఫ్యాన్ తిరగకున్నా రమ దగ్గరికే తెచ్చేది. బీడీలు పక్కకు పెట్టి, స్క్రూడ్రైవర్ పట్టి, ఐదు నిమిషాలల్ల బాగుచేసి ఇచ్చి మల్ల చాట ఒళ్లెకు గుంజుకునేది. ఆమె చేతులల్ల స్క్రూడ్రైవర్ చూసినప్పుడల్లా సదానందం ఏదో ఒక పని మీద బయటికి పోయేటోడు.

ఇప్పుడు వందన వచ్చి నేర్పమంటుంటే కాదనడానికి ఆయనకు నోరు రాలే. వందన అదే ఊళ్లె తెలిసినోళ్ల ఇంట్ల దిగింది. సబ్‌స్టేషన్ ఎనుక తీగలు తీసేసిన పాత సిమెంటు స్తంభం ఒకటున్నది. తెల్లారంగనే ఇద్దరూ అక్కడికి పోయేది. నిచ్చెన లేకుంట, తాడు లేకుంట, కాళ్లుచేతులతోనే నిమిషంల పైదాక ఎక్కాలె. మొదటి రెండు దినాలు వందన మనిషెత్తు కూడ ఎక్కలే. మూడో దినం సగం దాక పోయి జారింది. అరచేతులు, తొడలు గీసుకపోయినయి. కొబ్బరినూనె రాసుకోని మల్ల వచ్చేది. కుదరకపోతే ఒక మాట తిట్టుకునేది, మల్ల పట్టేది. సదానందానికి నేర్పుడు వచ్చు గని తప్పు ఎక్కడున్నదో అందలే.

నాలుగో దినం రమ నీళ్ల సీసా తీసుకోని వచ్చింది. కాసేపు నిలబడి చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి, మోకాళ్లతోని కరుచుకోకు, పాదం ఒంచి మడిమెతోని ఒత్తు, చేతులు బరువు మొయ్యొద్దు అని చెప్పింది. వందన మల్ల పట్టింది. ఈపారి పైదాక రెండు చేతుల దూరం ఉన్నదనంగ ఆగింది. దిగి, రొప్పుకుంట నవ్వింది. నువ్వొక్కపారి ఎక్కి చూపెట్టరాదే అన్నది రమను.

రమ బాపు దిక్కు చూడలే. కొంగు నడుముకు బిగిచ్చింది. లోపల లెగ్గింగ్ ఉన్నది, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపింది. చెప్పులిడిచి స్తంభం పట్టింది. ఎనిమిదేండ్లు చాట ముందట కూసున్న మనిషి, ఎవలూ నేర్పని మనిషి, గుక్క తిప్పుకోకుంట మీదికి పోయింది. కొసకు చెయ్యేసి, ఒక కాలు స్తంభం సందుల ఇరికిచ్చి, అక్కడనే ఆగింది. అక్కడి నుంచి గోదావరి కనిపిస్తది, అవతలి ఒడ్డు కనిపిస్తది. చాన సేపు చూసింది. కింద సదానందం మెడ ఎత్తి నిలబడ్డడు.  చిత్రమేందంటే, అప్పుడు ఆయనకు లచ్చయ్య యాదికి రాలే, భయం కాలే. ఎంత మంచిగ ఎక్కింది అనుకున్నడు, అంతే. అట్ల అనుకున్నంక, పక్కన రాయి మీద కూసున్నడు.

రమ దిగి, చేతులు కడుక్కోని, కార్ఖానాకు బీడీలు ఇచ్చే టైమైందని ఎల్లిపోయింది. వందన ఆమె పోయిన దిక్కే చూసుకుంట, మా అందరికన్న మంచిగ ఎక్కుతుండె రమ కాకా, కాగితాలు టైముకు అందకపాయె గని అన్నది.

తెల్లారి సదానందం లీవు పెట్టిండు. పెట్టె తెరిచి, చీరెల అడుగు నుంచి కవరు తీసిండు. అదే కరీంనగర్ బస్సు. ఈపారి చాయ్ హోటల్ దిక్కు చూడకుంట సీదా సీతారాంరావు ఆఫీసు మెట్లెక్కిండు. వకీలు ముసలాయన అయిండు, చేతులు వణుకుతున్నయి గని చూపు చురుకే. సదానందం కవరు బల్ల మీద పెట్టి, ఈ పేరు ఇప్పుడన్న కలుపుతరా సారూ అని అడిగిండు. సగం చెప్పిండు, సగం చెప్పలే. వకీలు కాగితం మీద తారీఖు చూసిండు, తర్వాత సదానందాన్ని చూసిండు.  తీర్పు కోర్టుకు వచ్చిన పదకొండు మందికే వర్తిస్తదని, ఇప్పుడు ఎవలనూ కలపరాదని నిమ్మళంగ చెప్పిండు. మల్ల ఏమనుకున్నడో, గుమాస్తాతోని పాత ఫైలు తెప్పిచ్చిండు. మొదటి కాగితం మీద పన్నెండు పేర్ల లిస్టు. పన్నెండోది రమ. ఆ పేరు మీద అడ్డంగ గీత, పక్కన పెన్సిల్‌తోని గుమాస్తా రాసిన చిన్న అక్షరాలు. వకీలు చదివిండు.

"ఫోన్ చేసిన. కాగితాలు అందలేదని చెప్పిన. రేపటి దాక టైమున్నదని చెప్పిన. పంపనన్నది."

సదానందం మల్ల చదవమన్నడు. వకీలు మల్ల చదివిండు.

బస్సు ఎట్ల ఎక్కిండో, ఎక్కడ దిగిండో ఆయనకు సోయి లేదు. ఇంటికి వచ్చేవరకు పొద్దు వాలుతుంది. రమ వాకిట్ల చాట ముందట కూసున్నది. పిల్ల పక్కింట్ల ఆడుకుంటుంది. సదానందం బిడ్డ ఎదురుంగ నేల మీదనే కూసున్నడు. అట్ల కింద కూసోవడం ఆయనకు అలవాటు లేదు. రమ చేతులు ఆగినయి.

"ఆ కాగితాలు నేను ఇయ్యలే బిడ్డా."

"ఎర్కే బాపు."

"ఫోనొచ్చిందటగదా నీకు."

"నువ్వు కరీంనగర్ పోయొచ్చిన తెల్లారే వచ్చింది. నువ్వు తానం చేస్తున్నవు."

"మరి నన్ను అడగకపోతివి. ఇంకో దినం టైమున్నదాయె, వందనతోనన్న పంపకపోతివి."

రమ చాటల ఆకులు సదిరింది. ఆ పొద్దంత చూసిన బాపు, నువ్వే చెప్తవని చూసిన, అన్నది. ఎక్కొద్దు, నాకు భయమైతుంది అని ఒక్క మాట అంటే కొట్లాడెదాన్నో, ఏడ్చెదాన్నో, ఏదో ఒకటి చేసెదాన్ని. ఇచ్చిన అంటివి. ఎన్నడు అబద్ధం ఆడనోడివి అబద్ధం ఆడితివంటే ఎంత భయం పెట్టుకున్నవో అనుకున్న. నీ భయం మీదికెల్లి దాటి ఎట్ల పోదును.

"లచ్చయ్య కాకను దించిననాడు నీ అంగి పిండింది నేనే," అన్నది. "నాకు ఎర్కలేదా నీ భయం."

అక్కడికి ఊకుంటే అయిపోయేది. బిడ్డ అప్పుడెప్పుడో మాఫ్ చేసింది. సదానందం ఆ మాట పట్టుకోని లేచి కాళ్లు కడుక్కుంటే ఇద్దరికీ నిమ్మళమయ్యేది. కని అట్ల తీసుకునుడు ఆయనకు మనసొప్పలే. ఎనిమిదేండ్లు ఎవలకూ చెప్పనిది, తనకు తాను కూడ చెప్పుకోనిది నోట్లెకు వచ్చింది.

"భయం ఒక్కటే కాదు రమా."

చెప్పిండు. అంతకుముందు వారం సబ్‌స్టేషన్‌ల కేసు ముచ్చట తెలిసి తోటోళ్లు నవ్విన్రు. నీ బిడ్డ పోల్ ఎక్కితే మనం కింద గాజులేసుకోని నిలబడాల్నా అన్నడొకడు. డిపార్టుమెంటు తిండి తినుకుంట డిపార్టుమెంటు మీద కేసా అన్నడు ఇంకొకడు. నా బిడ్డ నా కన్న మంచిగ చేస్తదని ఏండ్ల సంది గొప్పలు చెప్పుకున్న మనిషి, ఆ పొద్దు వాళ్లకు ఒక్క జవాబు ఇయ్యలే. వాళ్లతోని తనూ నవ్విండు. కచేరి ముందట కూసున్నప్పుడు కండ్లల్ల లచ్చయ్య ఉన్నమాట నిజమే, గని చెవులల్ల ఆ నవ్వు ఉన్నది. రేపు మల్ల వాళ్ల నడుమనే పని చెయ్యాలె గదా అనుకున్నడు.

 రమ చేతిల ఆకు సగం చుట్టి ఉన్నది. ఆమె మొఖంల ఏదో మారింది. సదానందం దాన్ని చూసిండు. యాదవ్వ పోయిననాడు కూడ ఆ పిల్ల మొఖం అట్ల కాలే.

"ఇది ఎర్కలేదు," అన్నది. "ఇన్నేండ్లు భయమనే అనుకున్న బాపు."

చాట పక్కకు పెట్టి ఇంట్లకు పోయింది. ఆ పూట పిల్ల వచ్చి పిలిచేదాక బయటికి రాలే.

ఆ తర్వాత ఇంట్ల తిట్లు లేవు, ఏడుపులు లేవు. టైముకు అన్నం పెట్టేది, బట్టలు పిండేది, బీపీ గోలీ యాది చేసేది. మాట మాత్రం అడిగినకాడికే. నేర్పుడు ఆగలే. రమ కూడ ఏ దినం ఆగలే, తెల్లారంగనే వందన వెంట పోయేది. స్తంభం కాడ ముగ్గురూ ఉండేది. రమ వందనకు చెప్పేది, వందన సదానందాన్ని అడిగేది. రమ మాత్రం బాపుతోని మాట్లాడేది కాదు.

వందన పరీక్షల ఎక్కింది. నలభై ఏడు సెకన్లల్ల. పదకొండు మందిల ఏడుగురు ఎక్కిన్రు, ఆ ఏడుగురికీ ఆర్డర్లు వచ్చినయి. వందన మొదటి ఫోన్ రమకే చేసింది. రమ ఫోన్ పట్టుకోని నవ్వుకుంట ఏడ్చింది, ఆ సంబురంల అబద్ధం లేదు. తర్వాత సదానందం దిక్కు ఫోన్ జాపింది, మాట్లాడుమని. వందనను ఆయన సెక్షన్‌కే ఏసిన్రు.

ఆయన రిటైరైన దినం సబ్‌స్టేషన్‌ల షామియానా ఏసిన్రు. శాలువ కప్పిన్రు. అప్పుడు నవ్వినోళ్లల్ల ఇద్దరు ఇప్పటికీ అక్కడనే ఉన్నరు. వాళ్లే వందన పక్కన నిలబడి ఫోటోలు దిగిన్రు, మా సెక్షన్‌ల మొదటి ఆడ లైన్‌మెన్ అని పెద్దసార్లకు పరిచయం చేసిన్రు. వాళ్ల మొఖాలల్ల ఎక్కడా కల్మషం లేదు. అప్పుడేమన్నమో వాళ్లకు యాది కూడ లేదని సదానందానికి అర్థమైంది. వాళ్లు ఒక పూట నవ్వి మర్చిపోయిన్రు. ఆయన దాన్ని పట్టుకోని బిడ్డ బతుకు ఒక దిక్కు తిప్పిండు.

మైకు చేతికిచ్చి రెండు మాటలు మాట్లాడమన్నరు. చెప్పాల్నని ఇంటికాడనే అనుకోని వచ్చిండు. ఈ పదకొండు మంది ముందుగాల్ల పన్నెండు మంది, పన్నెండో పేరు నా బిడ్డది, ఆ కాగితాలు ముట్టజెప్పనోన్ని నేనే అని అందరి ముందట చెప్పాల్నని. నా బిడ్డ రమ అనేదాక వచ్చింది.  ఎంత గుంజినా మాట రాలే, కండ్లల్ల నీళ్లొచ్చినయి. ముప్పై ఏండ్ల కొలువు విడిచిపోతుంటే బాధ కాదా అని ఎవలో అన్నరు. అందరూ చప్పట్లు కొట్టిన్రు. ఏఈ సారు వచ్చి భుజం మీద చెయ్యేసి, మైకు తీసుకున్నడు.

వానకాలం మొదలైంది. ఒక పగటి యాళ్ల పెద్దగాలి దుమారం వచ్చి పోయింది. ఊరు ఊరంత కరెంటు లేదు. సదానందం అలవాటు కొద్ది లేచి చెప్పులు తొడిగిండు. తొడిగినంక యాదికొచ్చింది, తన పని కాదని. మల్ల మంచంల కూసున్నడు. ఇంతల ఫోన్ మోగింది. ఆయనది కాదు, రమది. వందన చేసింది. ఏటి దిక్కు లైన్ ఎక్కడ బంద్ చెయ్యాలె, ఏ స్తంభం కాడ నుంచి చూసుకుంట రావాలె అని అడుగుతుంది.

రమ చాట పక్కకు పెట్టి లేచి నిలబడి చెప్పింది. స్విచ్చు ఎక్కడున్నదో చెప్పింది. మామిడి తోట కాడ తీగ కిందికి ఏలాడుతది, ముందుగాల్ల అక్కడ చూడుమన్నది. ఎవలైన జనరేటర్ నడుపుతున్నరేమో ఊళ్లె అడిగిపిచ్చు, రెండు దిక్కులా ఎర్తింగ్ కట్టినంకనే చెయ్యి పెట్టు అన్నది. ఆ గొంతుల తడబాటు లేదు, ఇన్ని దినాల సంది ఇంట్ల వినపడని గొంతు అది. సదానందం మంచం మీద కూసోని వింటుండు. ఏదన్న విడిచిపెడితే అందియ్యాల్నని చూసిండు. ఆమె ఏదీ విడిచిపెట్టలే.

అర్ధగంటకు ఫ్యాన్ తిరిగింది. బయట పిల్లలు కరెంటొచ్చిందని కేక పెట్టిన్రు. రమ ఒకపారి పైకి చూసి, కూసోని, చాట ఒళ్లెకు తీసుకున్నది.

"మంచిగ చెప్పినవు బిడ్డా," అన్నడు సదానందం.

రమ విన్నది. ఏమన్నా అంటదేమోనని ఆయన చూసిండు. ఆమె ఆకు మలిచి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది. ఇంకో ఆకు తీసుకున్నది. కొంచెం సేపటికి, అన్నం పెట్టాల్నా అని అడిగింది. పెట్టుమన్నడు.